పాపాయి కదిలినా ఫోటో చెదరకూడదు!

మీ ఇంట్లో పాత ఆల్బం ఉంటే ఒకసారి తెరిచి చూడండి. మీరు బోర్లా పడ్డప్పటి ఫోటో, అన్నప్రాసన నాడు పాయసం మూతికంతా పూసుకున్న ఫోటో, కొత్త పలక పట్టుకుని మొదటిసారి బడికి బయలుదేరిన ఫోటో - ఏదో ఒకటి దొరక్కపోదు. వాటిలో ఒకటి రెండు స్టూడియోలో తీయించినవి కావచ్చు. మిగిలినవి మీ నాన్నగారో, అమ్మగారో, మేనమామో సరదా కొద్దీ తీసినవి అయి ఉంటాయి.

తమ పిల్లల ఫోటోలు తామే తీసుకోవడం ప్రపంచమంతటా ఎందరికో ఇష్టమైన హాబీ. స్టాంపులు సేకరించే వారికి ఈవేళ దొరకని స్టాంపు రేపు దొరకవచ్చు. ఈ హాబీలో ఆ వీలు లేదు. పాపాయి మొదటి అడుగు ఒక్కసారే వేస్తుంది. ఊడిన పాలపన్ను చోట కొత్త పన్ను వచ్చేస్తే ఆ తొర్రిపళ్ళ నవ్వు మళ్ళీ రాదు. పైగా కొండ, గుడి, చెట్టు ఎంతసేపైనా కదలకుండా నిలబడతాయి. పాపాయి నిలబడదు! అందుకే కెమేరాకు చిన్న పిల్లలంత కష్టమైన పరీక్ష మరొకటి లేదు. ఆ పరీక్షలో నెగ్గడానికి దానికి చాలా ఏళ్ళు పట్టింది. ఎలా నెగ్గిందో తెలుసుకుంటే, మంచి ఫోటో తీయడం ఎలాగో కూడా తెలుస్తుంది.

ఫోటో ఎందుకు చెదురుతుంది?

కెమేరా అంటే ముఖ్యంగా ఒక చీకటి పెట్టె. దానికి ముందు వైపు కటకం ఉంటుంది. దీన్నే లెన్సు అంటాం. వెనుక ఫిల్ము ఉంటుంది. వెలుగును అడ్డుకునే చిన్న తలుపు పేరు షట్టరు. మీట నొక్కగానే షట్టరు తెరుచుకుని, చప్పున మూసుకుంటుంది. ఆ కాస్త సేపట్లో లోపలికి వచ్చిన వెలుగు ఫిల్ము మీద తలకిందులు ప్రతిబింబాన్ని ఏర్పరుస్తుంది.

ఫిల్ము మీద జెలటిన్ పొరలో సిల్వర్ బ్రోమైడు కణాలు ఉంటాయి. వెలుగు తగిలిన కణాల్లో కంటికి కనిపించని మార్పు వస్తుంది. డెవలపర్ అనే ద్రావణంలో ముంచితే ఆ కణాలు నల్లని వెండిగా మారతాయి. హైపో ద్రావణం మిగిలిన కణాలను కరిగించి తీసేస్తుంది. అదే నెగెటివ్. ఇప్పటి డిజిటల్ కెమేరాల్లో, సెల్‌ఫోన్లలో ఫిల్ముకు బదులు సిలికాన్ పలక ఉంటుంది. దాని మీద ఉండే లక్షలాది బుల్లి గడులు వెలుగును విద్యుత్తుగా మారుస్తాయి.

పద్ధతి ఏదైనా ఒక సంగతి మాత్రం మారదు. షట్టరు తెరిచి ఉన్నంతసేపూ వెలుగు పోగవుతూనే ఉంటుంది. ఆలోగా పాపాయి కదిలితే ప్రతిబింబం కూడా పక్కకు జరుగుతుంది. ఫోటోలో చెయ్యి పొగలా అలుక్కుపోయి కనిపించడానికి కారణం ఇదే.

ఒక లెక్క వేసి చూద్దాం. చిన్నపిల్లవాడు సెకండుకు 3 మీటర్ల వేగంతో పరుగెడుతున్నాడనుకోండి. షట్టరు సెకండులో 30వ వంతు సేపు తెరిచి ఉంటే, ఆ లోపలే వాడు 10 సెంటీమీటర్లు ముందుకు పోతాడు. వాడు కెమేరాకు 3 మీటర్ల దూరంలో ఉన్నాడు, లెన్సు నాభ్యంతరం 75 మిల్లీమీటర్లు అనుకుందాం. అప్పుడు ప్రతిబింబం అసలు మనిషిలో దాదాపు 40వ వంతు ఉంటుంది. అంటే ఫిల్ము మీద ప్రతిబింబం రెండున్నర మిల్లీమీటర్లు జరుగుతుంది. చిన్నదే అనిపిస్తుంది గానీ, అదే ఫిల్ము మీద వాడి తల పొడవు 5 మిల్లీమీటర్లకు మించదు! తలలో సగం మేర చెదిరిపోయిందన్నమాట. అదే షట్టరు సెకండులో 500వ వంతు సేపే తెరుచుకుంటే వాడు 6 మిల్లీమీటర్లే కదులుతాడు. ఫిల్ము మీద అది 0.15 మిల్లీమీటర్లు. కంటికి ఇంచుమించు తెలియదు.

కాబట్టి షట్టరును వీలైనంత త్వరగా మూయాలి. అయితే త్వరగా మూస్తే లోపలికి వచ్చే వెలుగు తగ్గిపోయి, ఫోటో నల్లబడుతుంది. తక్కువ వెలుగుతో తక్కువ సేపట్లో బొమ్మ పడాలంటే ఏం చేయాలి? ఫోటోగ్రఫీ చరిత్రలో ఎక్కువ భాగం ఈ ప్రశ్నకు జవాబు వెతకడమే.

మెడకు ఆసరా పెట్టిన రోజులు

ఫ్రాన్సు దేశస్థుడు నిసెఫోర్ నియెప్స్ 1826-27 ప్రాంతంలో తన కిటికీలోంచి కనిపించే దృశ్యాన్ని ఒక లోహపు పలక మీద నిలపగలిగాడు. దానికి ఎన్నో గంటల పాటు ఎండ పడాల్సి వచ్చింది. ఇళ్ళ కప్పులు కదలవు కనుక సరిపోయింది. ఆయన స్నేహితుడు లూయీ డాగేర్ పద్ధతిని 1839లో లోకానికి ప్రకటించారు. అందులో గంటలు పోయి నిమిషాలు వచ్చాయి. అయినా మనుషుల ఫోటోలకు అది చాలలేదు. కూర్చున్న వాళ్ళ తల కదలకుండా వెనుకనుంచి ఇనుప ఆసరా పెట్టేవారు. పాతకాలపు ఫోటోల్లో అందరూ బిగుసుకుపోయి, నవ్వు లేకుండా కనిపించడానికి ఇది ఒక కారణం. ఎంతోసేపు ఒకేలా నవ్వుతూ ఉండటం మీ వల్ల అవుతుందా? అద్దం ముందు నిలబడి ప్రయత్నించండి!

పెద్దలకు ఆసరా పెట్టారు సరే, పసిపిల్లల మాటేమిటి? దానికీ ఒక ఉపాయం కనిపెట్టారు. తల్లి కుర్చీలో కూర్చుని, తన మీద దుప్పటి కప్పేసుకుని, ఒళ్ళో బిడ్డను కదలకుండా పట్టుకునేది. ఫోటోలో బిడ్డ ఏదో గుడ్డ కప్పిన కుర్చీలో కూర్చున్నట్టు ఉంటుంది. కాస్త పరికించి చూస్తే ఆ గుడ్డ వెనుక తల్లి ఆకారం, ఒక్కోసారి ఆమె చెయ్యి కనిపిస్తాయి. 19వ శతాబ్దంలో ఇలా తీసిన ఫోటోలు యూరప్, అమెరికాల్లో ఎన్నో నేటికీ నిలిచి ఉన్నాయి.

ఆ రోజుల్లో ఫోటోగ్రఫీని హాబీగా చేపట్టిన వారిలో ముఖ్యురాలు జూలియా మార్గరెట్ కామెరాన్. ఆమె 1815లో మన కలకత్తాలో పుట్టింది. 1863లో, 48 ఏళ్ళ వయసులో, ఆమెకు కూతురూ అల్లుడూ ఒక కెమేరా బహుమతిగా ఇచ్చారు. కోళ్ళగూడును స్టూడియోగా మార్చుకుని, ఇంటికి వచ్చిన పిల్లలనూ పెద్దలనూ కూర్చోబెట్టి ఆమె ఫోటోలు తీసింది. నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవాలి కాబట్టి ఆమె ఫోటోల్లో కొన్ని కాస్త మసకగా ఉంటాయి. అయినా ఆ పిల్లల ముఖాల్లోని అమాయకత్వం చూసి నేటికీ జనం ముచ్చటపడతారు.

ఆవులు, ఆవాలు, ఫిల్ము!

1871లో ఇంగ్లండుకు చెందిన రిచర్డ్ లీచ్ మాడాక్స్ అనే వైద్యుడు ఒక కొత్త మార్గం చూపించాడు. ఈయన కూడా ఫోటోగ్రఫీని హాబీగా పెట్టుకున్నవాడే. సిల్వర్ బ్రోమైడును జెలటిన్‌లో కలిపి గాజు పలక మీద పూయవచ్చునన్నాడు. జెలటిన్ అంటే పశువుల ఎముకలు, చర్మం ఉడికించి తీసే ఒక రకం జిగురు. ఇతరులు దీన్ని మెరుగుపరిచాక 1878 నాటికి సెకండులో చిన్న భాగంలోనే బొమ్మ పడసాగింది. కదిలే పిల్లలను పట్టుకోవడానికి దారి దొరికింది.

జెలటిన్‌లో ఏముంది అంత మహత్యం? కొన్ని రకాల జెలటిన్ బాగా పనిచేసేది, కొన్ని పనిచేసేవి కావు. దీని రహస్యం 1925లో కొడాక్ సంస్థలో పనిచేసే సామ్యూల్ షెపర్డ్ అనే రసాయన శాస్త్రవేత్త బయటపెట్టాడు. మంచి జెలటిన్‌లో గంధకం ఉన్న పదార్థాలు అతి స్వల్పంగా ఉంటాయి. అవే సిల్వర్ బ్రోమైడుకు చురుకుదనం ఇస్తాయి. అవి ఎక్కడినుంచి వచ్చాయి? ఆవులు మేసిన ఆవాల జాతి మొక్కల నుంచి! ఆవులు ఆవాల మొక్కలు మేయకపోతే ఫోటోలు అంత వేగంగా వచ్చేవి కావన్నమాట.

ఈలోగా అమెరికాలో జార్జి ఈస్ట్‌మన్ గాజు పలకలకు బదులు చుట్ట చుట్టే ఫిల్ముతో 1888లో కొడాక్ కెమేరాను అమ్మకానికి పెట్టాడు. 1900లో ఆయన సంస్థ బ్రౌనీ అనే అట్టపెట్టె కెమేరాను విడుదల చేసింది. ధర ఒక్క డాలరు. దాన్ని పిల్లలు వాడటం కోసమే తయారు చేశారు. కాని పెద్దలు కూడా వదల్లేదు. అమ్మానాన్నలు స్టూడియోకు పోకుండానే, తమ పెరట్లో తమ పిల్లల ఫోటోలు తీసుకోవడం మామూలు సంగతి అయింది.

ఫ్రాన్సులో జాక్ ఆన్రి లార్తీగ్ అనే పిల్లవాడికి 1902లో తండ్రి ఒక కెమేరా ఇచ్చాడు. అతను పుట్టింది 1894లో. అంటే దాదాపు మీలో చిన్నవాళ్ళ వయసే. 1905లో అతని బంధువుల అమ్మాయి మెట్ల మీదినుంచి గాలిలోకి దూకుతుంటే, ఆమె నేల తాకక ముందే ఫోటో తీశాడు. 1963లో న్యూయార్కులోని ఆధునిక కళల మ్యూజియం అతని చిన్ననాటి ఫోటోలను ప్రదర్శనకు పెట్టింది.

ముగ్గురు తండ్రులు

చూశారా, వేగం సమస్య తీరింది. ఆ తర్వాత మూడు పెద్ద మార్పులు వచ్చాయి. చిత్రమేమంటే, ఆ మూడింటిలోనూ ఒక తండ్రి, ఒక బిడ్డ ఉన్నారు.

1943లో ఎడ్విన్ లాండ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త సెలవుల్లో తన మూడేళ్ళ కూతురు జెన్నిఫర్ ఫోటో తీశాడు. ఆ ఫోటోను వెంటనే ఎందుకు చూడకూడదని ఆ పాప అడిగింది. ఫిల్మును కడిగించాలి, ప్రింటు వేయించాలి, అందుకు ఆగాలి అని చెప్పి మనం ఊరుకునే వాళ్ళమేమో. లాండ్ ఊరుకోలేదు. డెవలపర్ రసాయనాలను ఫిల్ములోనే ఒక బుల్లి సంచిలో ఇమిడ్చి, కెమేరాలోంచి లాగేటప్పుడు రోలర్ల మధ్య అది చిట్లి పరుచుకునేలా చేశాడు. ఒక్క నిమిషంలో ఫోటో తయారు! 1947 ఫిబ్రవరిలో దీన్ని శాస్త్రవేత్తల సభలో చూపించాడు. 1948 నవంబరులో పోలరాయిడ్ కెమేరా అమ్మకానికి వచ్చింది.

1957లో అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థలో రస్సెల్ కిర్ష్ అనే ఇంజనీరు, కంప్యూటరుకు బొమ్మను 'చూడటం' నేర్పాలనుకున్నాడు. మొదట ఏ బొమ్మ ఇచ్చాడో తెలుసా? మూడు నెలల తన కొడుకు వాల్డెన్ ఫోటో. 5 సెంటీమీటర్ల ఆ ఫోటోను యంత్రం నిలువునా 176, అడ్డంగా 176 గడులుగా విడగొట్టింది. 176ను 176తో హెచ్చవేస్తే 30,976. ఒక్కొక్క గడిని నలుపు లేక తెలుపు అని గుర్తించింది. ఈ గడులనే ఇప్పుడు పిక్సెళ్ళు అంటున్నాం. 12 మెగాపిక్సెళ్ళ ఫోన్ కెమేరాలో ఒక కోటీ ఇరవై లక్షల గడులుంటాయి. వాల్డెన్ ఫోటోకన్నా దాదాపు 390 రెట్లు ఎక్కువ. ముగ్గు వేసేటప్పుడు చుక్కలు ఎంత దగ్గరగా పెడితే అంత నాజూకు ముగ్గు వస్తుంది గదా, ఇదీ అంతే.

1997 జూన్ 11న కాలిఫోర్నియాలోని ఒక ఆసుపత్రిలో ఫిలిప్ కాన్‌కు కూతురు పుట్టింది. ఆయన ఒక డిజిటల్ కెమేరాను, సెల్‌ఫోన్‌ను, చిన్న కంప్యూటరును అక్కడే కలిపి, పాప సోఫీ ఫోటోను రెండు వేలకు పైగా బంధుమిత్రులకు పంపాడు. 2000 సంవత్సరం నాటికి జపానులో కెమేరా ఉన్న ఫోన్లు అమ్మకానికి వచ్చాయి. ఈవేళ మీ ఇంట్లోని ఫోన్‌లో ఉన్నది ఆ వరసలో వచ్చిన కెమేరాయే.

ఇక మీ వంతు

కెమేరా ఎంత మంచిదైనా, తీసే మనిషికి నాలుగు సంగతులు తెలియాలి. మీ ఇంట్లో తమ్ముడో చెల్లెలో ఉంటే ప్రయత్నించండి.

మొదటిది వెలుగు. మధ్యాహ్నపు ఎండలో వెలుగు లక్ష లక్స్‌ల దాకా ఉంటుంది. రాత్రి ట్యూబులైటు కింద వంద, రెండు వందల లక్స్‌లే. మన కన్ను సర్దుకుంటుంది కాబట్టి ఇంత తేడా మనకు తెలియదు. కెమేరాకు తెలుస్తుంది. వెలుగు తక్కువైతే ఫోన్ తనంతట తానే షట్టరును ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. వెంటనే పాపాయి చెదిరిపోతుంది. అలాగని నడినెత్తి ఎండ కూడా మంచిది కాదు. కళ్ళ కింద నల్లని నీడలు పడతాయి, పిల్లలు కళ్ళు చికిలిస్తారు. వరండాలోనో, తెరిచిన కిటికీ పక్కనో కూర్చోబెట్టండి. మబ్బు పట్టిన రోజు ఇంకా మంచిది. ఆకాశమంతా ఒకే పెద్ద దీపంలా పనిచేసి, వెలుగును సమంగా పంచుతుంది.

రెండవది ఎత్తు. పెద్దవాళ్ళు నిలబడి, కిందికి చూస్తూ పిల్లల ఫోటో తీస్తారు. అప్పుడు తల పెద్దదిగా, కాళ్ళు పుల్లల్లా వస్తాయి. కారణం లెక్కలోనే ఉంది. కెమేరా 150 సెంటీమీటర్ల ఎత్తులో, 75 సెంటీమీటర్ల పాపాయి అర మీటరు దూరంలో ఉంటే, పైథాగరస్ సూత్రం ప్రకారం కెమేరాకు తల 90 సెంటీమీటర్ల దూరంలో, పాదాలు 158 సెంటీమీటర్ల దూరంలో ఉంటాయి. దగ్గరిది పెద్దగా కనిపిస్తుంది గదా! అసలే పసిబిడ్డ తల శరీరం పొడవులో నాలుగో వంతు ఉంటుంది. పెద్దవాళ్ళలో అది ఏడెనిమిదో వంతే. కాబట్టి మోకాళ్ళ మీద కూర్చుని, పాపాయి కళ్ళ ఎత్తులో కెమేరా పెట్టండి.

మూడవది దూరం. ముఖానికి 30 సెంటీమీటర్ల దగ్గరగా పెట్టి తీస్తే ముక్కు లావుగా వస్తుంది. చెవులు ముక్కుకు 10 సెంటీమీటర్లు వెనుక ఉన్నాయనుకుంటే, ముక్కు మూడో వంతు ఎక్కువ పెద్దగా కనిపిస్తుంది. ఒకటిన్నర మీటర్ల దూరం నుంచి తీస్తే ఆ తేడా వందకు ఏడు పాళ్ళే.

నాలుగవది క్షణం. ఉయ్యాల ఊగే పాపాయిని ఎప్పుడు తీయాలి? కిందినుంచి పోయేటప్పుడు వేగం అన్నిటికన్నా ఎక్కువ. పైకి చేరి వెనక్కి తిరిగే చోట వేగం సున్న. మీట అక్కడ నొక్కండి. ఎగిరి గంతేసే పిల్లవాడికీ ఇదే సూత్రం. పరుగెత్తే వాణ్ణి పక్కనుంచి కాక, ఎదురుగా వస్తుండగా తీయండి. అప్పుడు ప్రతిబింబం పక్కకు జరగదు. కొద్దిగా పెద్దదవుతుంది, అంతే. అన్నిటికన్నా ముఖ్యం - 'ఇటు చూడు, నవ్వు' అని పిల్లలను విసిగించకండి. ఆటలో మునిగిపోయినప్పుడు చప్పుడు కాకుండా తీయండి.

నెలకొక ఫోటో

ఈ హాబీని చిన్న శాస్త్ర ప్రయోగంగా మార్చవచ్చు. ఇంట్లో ఒక గుమ్మం ఎంచుకోండి. దాని పక్కన టేపు అంటించండి. ప్రతి నెలా ఒకే తేదీన, ఒకే దూరం నుంచి, ఒకే ఎత్తులో పాపాయిని నిలబెట్టి ఫోటో తీయండి. నిలబడలేని బిడ్డనైతే చాప మీద పడుకోబెట్టి, పక్కనే టేపు పరిచి తీయండి. పుట్టినప్పుడు సుమారు 50 సెంటీమీటర్లు ఉండే బిడ్డ ఏడాది తిరిగేసరికి సుమారు 75 సెంటీమీటర్లు అవుతుంది. రోజూ చూసే కళ్ళకు ఆ పెరుగుదల తెలియదు. పన్నెండు ఫోటోలు వరసగా పెట్టండి, తెలుస్తుంది.

తీసిన దాన్ని దాచుకోవడం కూడా ఈ హాబీలో భాగమే. జాగ్రత్తగా కడిగిన నలుపు తెలుపు ఫోటోలో బొమ్మ వెండితో ఏర్పడుతుంది కనుక నూరేళ్ళు దాటినా నిలుస్తుంది. కలర్ ఫోటోలోవి రంగు పదార్థాలు. వెలుతురుకు, వేడికి వెలిసిపోతాయి. తేమ తగిలితే ఏ ఫోటోకైనా బూజు పడుతుంది. అందుకని ఆల్బంను పొడిగా ఉండే బీరువాలో ఉంచాలి. ఫోన్‌లోని ఫోటోలు వెలిసిపోవు గాని, ఫోన్ పోతే అన్నీ ఒక్కసారే పోతాయి. ఇంకో చోట నకలు దాచాలి. ఏడాదికి పదో ఇరవయ్యో మంచివి ఏరి కాగితం మీద అచ్చు వేయించాలి. ఒకసారి నలుగురికీ పంపిన ఫోటో ఎక్కడెక్కడికి పోతుందో మన చేతుల్లో ఉండదు కాబట్టి, పసిపిల్లల ఫోటోలు ఎవరికి పంపుతున్నామో చూసుకోవాలి.

ఆల్బంలో కింద పేరు, తేదీ, ఊరు లేని ఫోటోలు ఉన్నాయా? అవి ఎవరివో మీ అమ్మమ్మకో తాతయ్యకో ఇప్పుడు గుర్తుంటుంది. మరో ఇరవై ఏళ్ళకు చెప్పేవారు ఉండకపోవచ్చు. ఈ ఆదివారం వారి పక్కన కూర్చుని, ఒక్కొక్క ఫోటో వెనుక మెత్తని పెన్సిలుతో, నొక్కి పెట్టకుండా, వివరాలు రాయండి. వెలుగు ఎప్పుడో చేయవలసిన పని చేసేసింది. మిగిలిన పని మీది.